సున్నా పెట్టని మనిషి

మొన్న మా చెల్లెలి కొడుకు కొత్త కారు కొన్నాడు. పెద్దమ్మని ముందుగా ఎక్కించాలని ముచ్చటపడి, ఉస్లాపూర్ దాకా తిప్పి తీసుకొస్తానన్నాడు. నేను సీటు బెల్టుతో కుస్తీ పడుతుంటే, వాడు స్టీరింగు వెనక ఏదో బటన్ నొక్కి పట్టుకున్నాడు. అక్కడ మెరుస్తున్న అంకెలు చటుక్కున పోయి సున్నా వచ్చింది.

"దేఖో పెద్దమ్మా, జీరో చేసేశాను. ఇక్కణ్ణుంచి ఎంత వెళ్ళామో తెలిసిపోతుంది."

"మరి అంతకుముందు తిరిగిందో?"

"వో కిస్ కామ్ కా?" అని నవ్వి బండి కదిలించాడు.

పాతది దేనికి పనికొస్తుందని వాడి ప్రశ్న. దానికి జవాబు చెప్పవలసిన మనిషి వేరే ఉండేవారు. ఆయనే ఉంటే వాణ్ణి కారులోంచి దింపి, చెక్కపెట్టె మీద కూర్చోబెట్టి, చేతికి టీ గ్లాసిచ్చి మరీ చీవాట్లు పెట్టేవారు. ఉస్లాపూర్ వెళ్ళి వచ్చేదాకా నా చెవిలో ఆయన గొంతే. పిల్లవాడు పాటలేవో పెట్టాడు గాని నేను వినలేదు.

ఆయన పేరు రాయను. రాసినా బిలాస్‌పూర్‌లో ఎవరూ గుర్తుపట్టరు, ఆ పేరుతో ఆయన్ని పిలిచినవాళ్ళు లేరు కనక. హిందీవాళ్ళకి మీటర్‌వాలే బాబా. మన రైల్వే తెలుగు కుటుంబాల్లో పిల్లలకి మీటరు తాతగారు. నాకు బాబాయి గారు. మా నాన్నా ఆయనా ఒకే లోకో షెడ్‌లో డ్యూటీ చెయ్యడం వల్ల కుదిరిన వరస అది. షెడ్‌లో ఇంజన్ల స్పీడు మీటర్లు బాగుచేసిన చెయ్యి, రిటైరయ్యాక ఊరికే ఉండలేక పాత కార్ల మీటర్ల మీద పడింది. అంబాసిడర్లు, పద్మినిలు, జీపులు వరసగా తోర్వా పేటలో ఆయన ఇంటి ముందు ఆగేవి. ఆయనకి మాత్రం సైకిలు కూడా లేదు. బుధవారీ బజారుకి కూడా నడిచే వెళ్ళేవారు. "నా కాళ్ళకి మీటరు లేదు, అందుకే అలిసిపోవు," అనేవారు.

రెండు గదుల ఇల్లు, ముందు వరండా. బండి తెచ్చినవాళ్ళు కూర్చోవడానికి వరండాలో ఒక చెక్కపెట్టె ఉండేది. ఆయన బనీనుతో, నేల మీద గోనెపట్టా వేసుకుని కూర్చునేవారు. ముందు ఒక ఇడ్లీ రేకు. దాని గుంటల్లో స్క్రూలు, బుల్లి పళ్ళచక్రాలు, స్ప్రింగులు, ఏ గుంటలోవి ఆ గుంటలో. ఆ రేకు కోసం పిన్ని, అంటే ఆయన భార్య, ఎన్నేళ్ళుగానో దెబ్బలాడుతూనే ఉండేది.

"నాలుగు రేకుల గిన్ని నాది. మూడుతో నెట్టుకొస్తన్నాను. సుట్టాలొస్తే రెండు వాయిలు ఎయ్యాల," అని వచ్చిన ప్రతివాళ్ళకీ ఫిర్యాదు చేసేది.

మీటరు విప్పేటప్పుడు ఆయన స్క్రూలు పెదాల మధ్య వరసగా పెట్టుకుని, వాటి సందులోంచే మాట్లాడేవారు. కోపం వస్తే మాత్రం ముందు స్క్రూలన్నీ తీసి రేకులో పెట్టి, అప్పుడు మొదలుపెట్టేవారు. నోట్లోంచి స్క్రూలు బయటికొస్తున్నాయంటే ఎవరికో మూడిందని మాకు తెలిసిపోయేది. మీటరు తీగని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెల్లిగా తిప్పుతూ డబ్బాని చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. "మూలగతన్నాది," అనో, "పాడతన్నాది," అనో ఒక్క మాటతో తేల్చేసేవారు.

మీటరు విప్పి, లోపలి అంకెల చక్రాలు అందరికీ చూపించడం ఆయనకి సరదా. "ఈ కుడి పక్కోడు కూలోడు. పొద్దస్తమానం తిరగతాడు. ఆడు పది తిరిగితే పక్కోడు ఒక్కటి కదులుతాడు. ఇలగ పోయి పోయి ఈ ఎడం చివరోడున్నాడే, దొరగారు, పదివేలకి గాని లెగడు. కూలోడు పడుకున్నాడంటే దొరగారు కూడా అక్కడే." చెప్పిన ప్రతిసారీ, మొదటిసారి చెబుతున్నట్టే నవ్వేవారు.

ఇక సున్నా సంగతి. ఊళ్ళో మిగతా మెకానిక్కులు మీటరు బాగుచేస్తే అంకెలన్నీ సున్నాకి తెచ్చి ఇచ్చేవారు. అది సులువు. పైగా బండి కొత్తదైనట్టు సంతోషం. ఈయన పెట్టేవారు కాదు. మీటరు ఏ అంకె దగ్గర ఆగిందో చూసి, ఆగినప్పటి నుంచి బండి ఎక్కడెక్కడికి వెళ్ళిందో యజమానిని అడిగేవారు. గోడ మీది కాలెండరులో అయిపోయిన నెల చింపి, దాని వెనక పెన్సిలుతో రాసుకుని, కూడి, ఆ మొత్తం ఎక్కించాకే మీటరు మూసేవారు. దూరాలు ఆయనకి కంఠతా వచ్చు. మనం ఊళ్ళు చెబితే చాలు. "అరగంట దూరం," అని ఎవరైనా అంటే స్క్రూలు బయటికొచ్చేవి.

"గంటలు నాకెందుకు? ఎక్కడికెల్లినావో సెప్పు."

చెప్పిన ప్రతి ఊరి దూరాన్నీ రెట్టింపు చేసేవారు. "ఎల్లినాదంటే ఒచ్చినట్టే," అనేవారు. అర్జెంటుగా బండి కావాలని వచ్చిన కంట్రాక్టర్లు కూడా పెట్టె మీద కూర్చుని, నుదురు రుద్దుకుంటూ, కిందటేడాది ఏ పెళ్ళికి వెళ్ళారో గుర్తు చేసుకునేవారు. కొందరు మధ్యలో లేచిపోయేవారు. కొందరు పని అయిపోయినా కబుర్లు చెబుతూ కూర్చునేవారు.

మా ఆయన రైల్వేలో గార్డు. ఆయనకి ప్రాణం రెండే: నేనూ, ఒక రిటైరైన డాక్టరు దగ్గర కొన్న పాత అంబాసిడరూ. ఎవరంటే ఎక్కువ ఇష్టమో అడగడం నేను చాలా కాలం కిందటే మానేశాను. రైల్వే గ్రౌండ్‌లో ఆదివారాలు నాకు బండి నేర్పారు. కాలనీ ఆడవాళ్ళంతా గోడల మీంచి చూసేవారు. "గేరు వెయ్యమన్నాను గాని చెరుకు విరవమన్లేదు," అని అందరి ముందూ వెక్కిరించారు. తరవాత ఆయనకి జబ్బు చేసినప్పుడు ఆ నేర్పిన విద్యే పనికొచ్చింది. రాయపూర్ ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళేదాన్ని. అంతకు కొద్ది రోజుల ముందే మీటరు ఆగింది. ఎవరికి పట్టింది అప్పుడు?

ఆయన పోయిన ఏడాదికి, రెండు వేల మూడులో, కారు అమ్మేద్దామనుకున్నాను. క్వార్టరు ముందు పరదా కప్పుకుని నిలబడి ఉంటే, నేను పాఠాలు చెప్పే రైల్వే బడికి వెళ్తూ వస్తూ దాన్ని చూడలేకపోయాను. సిర్గిట్టిలో పాత కార్లు కొనే ఒకాయన వచ్చి చూశాడు. మీటరు తిరిగేలా చేయించి, అంకె కూడా నలభై వేలకి దింపించమన్నాడు. "సబ్ కరాతే హై మేడమ్‌జీ," అన్నాడు. అందరూ చేయిస్తుంటే నాకేమని నేనూ తోర్వా వెళ్ళాను.

"బాబాయి గారూ, మీటరు తిరిగేలా చెయ్యాలి. అంకె కూడా కొంచెం తగ్గించాలి," అన్నాను, ఎటో చూస్తూ.

స్క్రూలు బయటికొచ్చాయి. ఒక్కొక్కటే రేకులో పడ్డాయి. తిట్లకి సిద్ధపడి చీర కుచ్చెళ్ళు సర్దుకుని కూర్చున్నాను. ఆయన తిట్టలేదు. కాలెండరు కాగితం చింపి వెనక్కి తిప్పి, పెన్సిలు మొన నాలిక మీద తడుపుకున్నారు.

"ఎంతకి దించమంటావు?"

"నలభై వేలకి."

"అచ్ఛా. సగానికి సగం తీసీమన్నమాట. ఏటేటి తీసీమంటావో సెప్పు, రాసుకుంటాను."

"ఏమిటేమిటంటే?"

"ఊర్లమ్మా. ఏ ఊరు ఎల్లనేదనుకోమంటావు? మీ ఆయన గ్రౌండ్‌లో నీకు బండి నేర్పినాడు, అది తీసీనా? అమర్‌కంటక్ ఎల్తే దార్లో టైరు పేలి, ఇద్దరూ దుమ్ము కొట్టుకుని ఒచ్చినారు. మీ పిన్నికి నువ్వే సెప్పినావు నవ్వుకుంటా. అది తీసీనా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "అమ్ముకునేదాన్ని నేను, మీకేటి?" అన్నాను. బళ్ళో ఎంత శుద్ధంగా మాట్లాడినా కోపమొస్తే మా అమ్మ భాషే వస్తుంది నాకు.

"నాకేటి నేదు తల్లీ. నువ్వు సెప్పినవి సెప్పినట్టు తీసెస్తాను. సెప్పు."

పెన్సిలు కాగితం మీద పెట్టుకుని ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఒక్కటీ చెప్పలేకపోయాను. బియ్యం తేవడానికి పక్కనున్న కోటా ఊరు వెళ్ళిన రోజు కూడా తీసెయ్యబుద్ధి కాలేదు. ఆ రోజు మా ఆయన అక్కడ సంతలో నాకు పసుపుపచ్చ గాజులు కొన్నారు. పిన్ని ఇచ్చిన టీ మీద మీగడ కట్టింది.

"పోనీ అది ఒగ్గీ," అన్నారు చివరికి. "మీటరు ఆగినాక తిరిగింది సెప్పు. ముందు అదెక్కించాల."

చెప్పాను. బడి, బజారు, కోటా రెండుసార్లు, రతన్‌పూర్ గుడికి మొక్కు చెల్లించడానికి ఒకసారి. తరవాత రాయపూర్. పదహారు సార్లు. ఆయన పదహారుకీ రాకా పోకా అని వేస్తుంటే ఆపాను.

"ఆఖరిదానికి పోక ఒక్కటే రాయండి. తిరిగి రావడం నేను కారులో రాలేదు. ఆయనతో పాటు ఆంబులెన్సులో వచ్చాను. కారు తరవాత ఎవరు తెచ్చారో కూడా నాకు తెలీదు."

పెన్సిలు ఆగింది. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. తుడవడం అయిపోయాక కూడా తుడుస్తూనే ఉన్నారు.

"బండి ఒచ్చింది గదమ్మా," అన్నారు, ఎప్పుడూ విననంత మెల్లిగా. "నువ్వు సూడకపోయినా అది ఒచ్చినాది. దాని దారి దానికి రాయాల."

రాశారు. ఏడాదిగా రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది. పెట్టె మీద కూర్చుని, దారినపోయేవాళ్ళు చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. తల వంచుకుని కూడిక చేసుకుంటూ ఉండిపోయారు. పిన్ని వచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది.

ఆగిన అంకె ఎనభై మూడు వేల నాలుగు వందల పన్నెండు. కూడాక ఎనభై ఏడు వేల ఏడు వందల తొంభై ఎనిమిది. సన్నటి సూదితో ఒక్కో చక్రాన్నీ తిప్పి నిలబెట్టి, మీటరు నా చేతికిచ్చారు. "టీచరమ్మవి గదా, సదువు," అన్నారు. పైకి చదివాను. ఆ అంకెలో మా ఆయన మొత్తం ఉన్నారనిపించింది. కారు అమ్మలేదు. సిర్గిట్టి ఆయన రెండుసార్లు కబురు పెట్టి ఊరుకున్నాడు.

బిగింపు అయ్యాక ఆ రోజే నేను కొంచెం తేరుకుని వేళాకోళం చేశాను. "మీరు సున్నా పెట్టనంటారు. ఇంకో పన్నెండు వేల చిల్లర తిరిగితే అదే పెట్టేసుకుంటుంది కదా?"

"పెట్టుకుంటాది. దానికి ఐదు గదులే కట్టినారు, పాపం ఏటి సేస్తాది? అప్పుడు నా దగ్గరికి తీసుకురా. ఎడం పక్కన తెల్లగా ఒక ఒకటి గీసెస్తాను. లచ్చ అలగే ఉంటాది." ఆవుదూడ చెవి వెంట్రుకలతో తనే కట్టుకున్న కుంచె తీసి చూపించారు. ఎన్నడూ లేనిది కొంచెం మొహమాటంగా అన్నారు: "ఒక కోరిక ఉన్నాదమ్మా. ఐదు తొమ్మిదులు పోయి ఐదు సున్నాలు ఒచ్చినప్పుడు, కూలోడూ దొరగారూ అందరూ ఒక్కపాలి లెగుస్తారు. నా సేత్తో ఎన్నోసార్లు తిప్పినాను గాని, నడిసే బండిలో అదంతట అది తిరగడం సూడనేదు. నా దగ్గరికి ఒచ్చే బండికి అదైపోయుంటాది, లేపోతే ఇంకా అవ్వక ఉంటాది. నీ బండిలో సూపించీ."

"ముందు సీట్లో కూర్చోబెట్టి చూపిస్తాను," అని మాటిచ్చాను.

ఆ తరవాత ఐదేళ్ళు ఆ వరండా నాకు పుట్టిల్లయింది. తీగకి నూనె వెయ్యాలన్న వంకతో వెళ్ళేదాన్ని. ఆయన ఎలా ఉన్నావనీ, బడి ఎలా ఉందనీ అడిగేవారు కాదు. "ఎంతయ్యింది?" అనేవారు. అంకె చెప్పేదాన్ని. "సంతోషం," అనేవారు. నేను బాగానే తిరుగుతున్నానని ఆయనకి అంతటితో తెలిసిపోయేది. నన్ను అలా అడిగే మనిషి మళ్ళీ దొరకలేదు.

అంకె తొంభై తొమ్మిది వేలు దాటాక నాకు ఏదో పట్టుకుంది. ఆ వరస అయిపోతే మా ఆయన నడిపినదంతా అయిపోతుందని, అక్కణ్ణుంచి వచ్చే ప్రతి కిలోమీటరూ నా ఒక్కదానిదే అవుతుందని భయం. పక్కన ఒకటి గీస్తారని తెలుసు. పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని, లక్ష ఎక్కడికీ పోదని నాకు తెలియదా? అయినా బడికి నడిచి వెళ్ళడం మొదలుపెట్టాను. బజారుకి రిక్షా. ఎవరైనా అడిగితే పెట్రోలు మండిపోతోంది అనేదాన్ని. పిసినారి దాచుకున్నట్టు కిలోమీటర్లు దాచుకున్నాను.

"ఎంతయ్యింది?" అన్నారు ఒక రోజు.

"తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల అరవై రెండు."

"పోయిన నెలా అదే గదా?"

"అదే."

"అచ్ఛా," అన్నారు. స్క్రూలు మళ్ళీ పెదాల మధ్య పెట్టుకున్నారు. నేను లేచి వస్తుంటే వెనక నుంచి, "బండి నిలబెట్టీకు టీచరమ్మా. తీగ బిగిసిపోతాది," అన్నారు. అంతకు మించి ఎప్పుడూ తొందరపెట్టలేదు. పరీక్షలయ్యాక అనుకున్నాను, ఎండలు తగ్గాక అనుకున్నాను.

రెండు వేల ఎనిమిది వానల్లో జ్వరం వచ్చింది ఆయనకి. మూడు రోజుల్లో పోయారు. నాకు కబురు అందేటప్పటికి అంతా అయిపోయింది.

పదకొండో రోజు దాటాక వెళ్తే వరండాలో గోనెపట్టా చుట్టి ఉంది. ఇడ్లీ రేకు స్క్రూలతో సహా అక్కడే ఉంది. "లోపలికి తెచ్చుకోలేదా పిన్నీ?" అన్నాను.

"మూడుతో అలవాటైపోనాదమ్మా. ఇప్పుడు నాలుగో రేకు ఎవరికి?" అంది. లోపలికి వెళ్ళి కాలెండరు కాగితంలో చుట్టిన పొట్లం తెచ్చింది. విప్పితే కొత్త కుంచె. "నీ బండికని కట్టినారు. నువ్వు ఎప్పుడైనా ఒచ్చి ఎక్కించుకుంటావేమోనని ఆదివారం ఆదివారం తెల్ల చొక్కా ఏసుకుని కూకుండీవారు. అన్నం ఏళకి ఇప్పీసీవారు."

బనీను తప్ప ఒంటిమీద చొక్కా చూసి ఎరగను ఆయనకి. నేను ఆదివారాలు ఎప్పుడూ వెళ్ళలేదు. ఆ వయసు మనిషి ఒకే ఒక్క కోరిక అడిగితే, ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు దాచుకున్నాను నేను. నా మీద నాకు అంత అసహ్యం ఇంకెప్పుడూ కలగలేదు.

"పిన్నీ, ఆదివారం వస్తాను. ముందు సీట్లో కూర్చోవాలి నువ్వు," అన్నాను.

ఆదివారం పరదా తీసి బండి కదిపితే మీటరు కీచుమంది. చాలా దూరం మూలిగి మూలిగి, అప్పుడు కదిలింది. పిన్ని కుంచె పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కోటా వెళ్ళాం. అక్కడ ఆగకుండానే బండి తిప్పి వెనక్కి బయల్దేరాం. ఇరుపక్కలా వరిచేలు పచ్చగా ఉన్నాయి. అంకె తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిదికి వచ్చాక నెమ్మదించాను. వెనక లారీవాడు హారన్ కొట్టి తిట్టుకుంటూ దాటిపోయాడు. పిన్ని కళ్ళజోడు మీటరుకి తగిలేంతగా వంగింది.

కూలీవాడు లేచాడు. వాడితో పాటు నలుగురూ లేచారు. దొరగారు కూడా. ఒక్క చప్పుడు లేదు. మెల్లిగా, అందరూ కలిసి పైకి జరిగి, వరసగా ఐదు సున్నాలై నిలబడ్డారు.

"ఇదేనేటి?" అంది పిన్ని.

"ఇదే."

"అయిపోనాదా?"

"అయిపోయింది పిన్నీ."

ఆవిడ చాలాసేపు ఆ సున్నాలనే చూసింది. "ఎంత సంబరపడిపోదురో," అని మాత్రం అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రోడ్డు పక్కన ఆపాను. ఒకటి అద్దం లోపల గియ్యాలి. నాకు అద్దం ఊడదీయడం రాదు. బళ్ళో తప్పులు దిద్దే వైట్‌నర్ సంచీలో ఉంటే, కుంచె అందులో ముంచి అద్దం మీదే గీశాను. గీత వంకర పోయింది. ఆయనైతే తుడిచేసి మళ్ళీ గీసేవారు. నేను తుడవలేదు. పిన్నిని తోర్వాలో దింపి, కారు ఇంటికి తెచ్చాను. ఆ దారిని కూడా మీటరు తనంతట తనే రాసుకుంది.

అద్దం మీద గీసింది నిలవదు. దుమ్ము తుడిచినప్పుడల్లా కొంచెం కొంచెం పోతుంది. మొన్న పిల్లవాడి కారు దిగి వచ్చి చూస్తే సగం చెరిగిపోయి ఉంది. కుంచె తెచ్చుకుని, ముందు సీటు వైపు తలుపు కూడా తెరిచి పెట్టి, మళ్ళీ గీశాను.